తిరిగి వచ్చిన తేదీ

గ్యాసు కట్టేశానా లేదా అని చూసుకోవడానికి ఆమె మెట్లెక్కి వెనక్కి రావడం ఆ పొద్దున అది రెండోసారి. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కట్టేశావక్కా. నేను చూశాను. నీతో పడలేక ఆ స్టవ్వు కూడా విసిగిపోయింది."

"పాల గిన్నె మీద మూత?"

"పెట్టావు. కిటికీ వేశావు. పంపు కట్టావు. ఇంక నన్ను కూడా ఓసారి తడిమి చూసుకుని బయలుదేరు."

నవ్వుదామనుకుంది కానీ ఊపిరి అందలేదు. రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడి, "వస్తా" అంది. వెళ్తున్నానన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. వీధి చివర కొట్టుకు వెళ్ళినా "వస్తా" అనే అనేది. చెల్లెలు లోపలికి వెళ్ళిపోయినా, మలుపు తిరిగేముందు ఒకసారి వెనక్కి చూసేది.

ఆమెకు అరవై మూడేళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే వైపు సంచి మోయడం వల్ల ఎడమ భుజం కాస్త కిందికి జారింది. సంచిలో మాత్రలు, మంచినీళ్ళు, నాలుగు పెన్సిళ్ళు, రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. ఒకవైపు వాడేసిన కాగితాలను ఆదివారాలు కూర్చుని తనే అరచేతి ప్రమాణంలో కత్తిరించుకునేది. అందుకే ఆమెకు చీటీలక్క అనే పేరు స్థిరపడిపోయింది. కొత్తవాళ్ళు ఆమె చీటీపాట నడుపుతుందనుకుని ఆశగా వివరాలు అడిగేవాళ్ళు.

చిన్న చిన్న సేవా సంస్థలను నడిపేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు లేని రోజున కూడా ఆ సంస్థలు నిలబడేలా తయారు చేయడం ఆమె ఉద్యోగం. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ, ఆమె చేసేదల్లా ఒకటే. ఎవరు సంస్థకు ప్రాణమో వాళ్ళను ఒక రోజంతా పక్కగదిలో నోరు మూయించి కూర్చోబెట్టేది. పని మిగతావాళ్ళు చేసుకోవాలి. లోపలున్నవాళ్ళు చెప్పాలనిపించిన ప్రతి మాటా చీటీ మీద రాయాలి. సాయంత్రానికి పోగైన చీటీలే ఆ సంస్థకు పాఠం. దాన్ని ఆమె ఖాళీ రోజు అనేది.

అంతకు ముందెప్పుడో ఆమె ఒక శిశుసంరక్షణ కేంద్రంలో టైపిస్టుగా చేసింది. దాన్ని పెట్టినావిడ ఒక రాత్రి నిద్రలోనే పోయింది. ఏ బిడ్డకు ఏ మందు పడదో, ఏ తల్లి ఎన్నింటికి వస్తుందో అంతా ఆవిడ తలలోనే ఉండేది. నెల తిరక్కుండా కేంద్రం మూతపడింది. మూసేస్తున్నామన్న నోటీసు టైపు చేసింది ఈమే. బిడ్డల్ని చంకనేసుకుని గేటు బయట నిలబడి ఆ కాగితం చదువుకుంటున్న తల్లుల మొహాలు ఇప్పటికీ ఆమెను నిద్ర లేపుతుంటాయి.

ఆ రోజు వెళ్ళవలసింది అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ దగ్గరికి. మంచాన పడ్డవాళ్ళకు కావలసిన సామాను ఉచితంగా ఎరువిచ్చే సంస్థ ఆవిడది. బస్సు డిపో వెనక రెండు గదులు. తల వైపు పైకి లేచే మంచాలు, చక్రాల కుర్చీలు, చేతికర్రలు, ఆక్సిజన్ యంత్రాలు. ప్రతి వస్తువుకూ దారంతో కట్టిన ఒక అట్టముక్క, దాని మీద మూడు గడులు: తీసుకున్నవారు, తీసుకున్న తేదీ, తిరిగి వచ్చిన తేదీ. ఇరవై ఆరేళ్ళ క్రితం భర్త పోయాక, ఆయన పడుకున్న మంచాన్ని పక్కవీధి వాళ్ళకు ఇవ్వడంతో పెద్దక్క ఈ పని మొదలుపెట్టింది.

సోమవారం పెద్దక్కకు గుండె ఆపరేషను. తర్వాత రెండు నెలలు కదలకూడదు. రెండేళ్ళ క్రితం ఆవిడ తాళాలు ఎవరి చేతికీ ఇవ్వకుండా నాలుగు రోజులు ఊరెళితే తలుపుకు తాళమే పడింది. ఆక్సిజన్ యంత్రం కోసం వచ్చిన ఒకామె తాళం చూసి తిరిగి వెళ్ళిపోయింది. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఎవరూ రాలేదు. ఇప్పుడు ఎనిమిది ఇళ్ళలో ఎనిమిది యంత్రాలున్నాయి. ఈ ఒక్క రోజులో ఈ పని మరొకరి చేతికి అందకపోతే, సోమవారం మళ్ళీ తాళమే.

బస్సులో దారి పొడుగునా ఆమె ఆ ఎనిమిది ఇళ్ళనే తలుచుకుంది.

"నా కొట్లో నన్నే మూల కూర్చోబెడతావుటే?" అంది పెద్దక్క. డెబ్బై రెండేళ్ళ భారీ మనిషి. కళ్ళజోడు మెడకు తాడుతో వేలాడుతోంది, నడుముకు తాళాల గుత్తి.

"ఒక్కరోజే అక్కా. నోటితో మాట్లాడకూడదు. రాయండి."

"నా అక్షరాలు నాకే అర్థం కావు."

"నాకు అర్థమవుతాయి లెండి. ఇరవై రెండేళ్ళ నుంచి ఇలాంటివే చదువుతున్నాను."

ముందుగదిలో టైలరమ్మ బల్ల ముందు కూర్చుంది. అయిదేళ్ళ క్రితం అత్తగారి కోసం మంచం అడగడానికి వచ్చి, దాని పరుపు చిరుగులు తనే కుట్టి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. పనిమంతురాలే కానీ, ప్రతిదానికీ పెద్దక్క మొహం వైపు చూడడం అలవాటు. ఆ రోజు చూసినప్పుడల్లా, పెద్దక్క కూర్చున్న వెనకగది గుమ్మానికి కట్టిన సగం పరదా మాత్రమే ఆమెకు కనిపించింది.

ఫోను మోగింది. రెండోసారి, మూడోసారి. పెద్దక్క నిప్పుల మీద కూర్చున్నట్టు కదిలిపోతూ రాసింది: "మూడోది మోగకముందే తియ్యాలి. అవతలివాళ్ళు భయంలో ఉంటారు." ఆ తర్వాత చీటీ వెంట చీటీ. "తెల్ల కుర్చీకి ఎడమ బ్రేకు వదులు." "ఆ మేడకు లిఫ్టు లేదు, మడిచే మంచం పంపు."

పదకొండింటికి ఒక ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఆగిపోయిందని ఫోను. పెద్దక్క చటుక్కున లేచింది. చీటీలక్క ఆవిడ మణికట్టు పట్టుకుంది. పరదా అవతల టైలరమ్మ గొంతు మొదట వణికింది, తర్వాత సర్దుకుంది. "ప్లగ్గు చూడండి బాబూ... వెనకున్న గాలి జల్లెడ తీసి దులపండి... అయినా రాలేదా? కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, ఇంకోటి ఆటోలో పంపేస్తున్నా. లైన్లోనే ఉండండి." ఇరవై నిమిషాలకు అందిందని కబురొచ్చింది.

పెద్దక్క తన మణికట్టు వైపు చూసుకుని గుసగుసగా అంది. "నీ చెయ్యి ఇంకా వణుకుతోందేమిటే? ఆపరేషను నాకా, నీకా?"

"మాట్లాడకూడదన్నాను."

"ఇది రాసే మాట కాదులే."

మధ్యాహ్నం మూడు దాటాక ఒక నడివయసు మనిషి తోపుడుబండి మీద మంచం తెచ్చాడు. పరుపు శుభ్రంగా మడతపెట్టి, పైన తాడు కట్టి ఉంది. పొద్దుటి నుంచి అన్నీ సవ్యంగా జరిగిపోయిన హుషారులో టైలరమ్మ నవ్వుతూ ఎదురెళ్ళింది.

"అప్పుడే తెచ్చేశారే! నాన్నగారికి నయమైపోయిందన్నమాట!"

ఆ మనిషి పరుపు మీది తాడు ముడి విప్పాడు. "తుడిచే తెచ్చానండి. ఎక్కడా మరకలు లేవు," అన్నాడు.

టైలరమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. ఏం చేయాలో తోచక అట్టముక్క మీద తేదీ వేసింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

పెద్దక్క లేచి పరదా దాకా వెళ్ళింది. చీటీలక్క వెనక నుంచి చెయ్యి పట్టి ఆపింది.

"వదలవే. ఆ మనిషిని అట్లాగే పంపేస్తామా?"

"ఇప్పుడు మీరు వెళ్తే ఆమె మళ్ళీ మీ మొహమే చూస్తుందక్కా. సోమవారం ఎవరి మొహం చూస్తుంది?"

ఖాళీ బండి చక్రాల చప్పుడు వీధిలోకి సాగి, సన్నగిల్లింది. అప్పుడు చీటీలక్క పట్టుకున్న చెయ్యి వదిలింది. చేసింది తప్పో ఒప్పో ఆమెకు తెలియలేదు. తండ్రిని పోగొట్టుకున్న మనిషి గుక్కెడు నీళ్ళయినా తాగకుండా తన మూలంగానే వెళ్ళిపోయాడన్నది మాత్రం తెలిసింది. సంచిలోంచి ఒక మాత్ర తీసి నీళ్ళతో మింగింది.

పెద్దక్క రాస్తోంది. ఒక చీటీ చాలక రెండోది తీసుకుంది. "సామాను తిరిగి తెచ్చినవాళ్ళని ఏమైందని అడగకు. సామాను వంక చూడకు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. చెబితే విను. చెప్పకపోతే, వాళ్ళు వెళ్ళాక తేదీ వేసుకో."

"ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదా అక్కా?"

పెద్దక్క కళ్ళజోడు తుడుచుకుంది. "చెప్పేదేముంది? అందరికీ తెలుసనుకున్నా."

సాయంత్రం అయిదింటికి యాభై మూడు చీటీలు బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చదివారు. ఆ రెండు చీటీల దగ్గర టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రేపు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తాను. అడ్రసు అట్ట మీద పేరు కిందే ఉందిగా," అంది. అలా అంటూ పెద్దక్క వైపు చూడలేదు. పెద్దక్క అది గమనించింది. నడుము దగ్గర తాళాల గుత్తి తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

చీటీలక్క సంచి తగిలించుకుని లేవబోయి, తూలి, బల్ల అంచు పట్టుకుంది.

"కర్ర పట్టుకెళ్ళు," అంది పెద్దక్క.

"నాకెందుకక్కా? అవసరమైన వాళ్ళెవరైనా వస్తే?"

ఆ మాట పూర్తయ్యేలోపే టైలరమ్మ కొక్కెం మీది నుంచి ఒక అల్యూమినియం కర్ర దించింది. "నిటారుగా నిలబడండి. చెయ్యి వదులుగా వెయ్యండి." గుండీ నొక్కి, ఆమె మణికట్టు ఎత్తుకు జరిపి, నాలుగో రంధ్రం దగ్గర బిగించింది. అట్ట మీద మొదటి గడిలో చీటీలక్క అని రాసింది, రెండో గడిలో తేదీ వేసింది. పెద్దక్క ఎదురుగా ఉన్నా ఆవిడ మొహం చూడకుండా టైలరమ్మ ఇచ్చిన మొదటి వస్తువు అది.

"ఎలా నడుస్తోందో చూడ్డానికి ఎనిమిదో తారీకున వస్తానుగా, అప్పుడు తెచ్చేస్తా," అంది చీటీలక్క కంగారుగా, ఎవరి వస్తువో ఎత్తుకుపోతున్నట్టు.

"అది సరేగానీ," అంది పెద్దక్క, "నీ తర్వాత ఈ చీటీల పని ఎవరు చేస్తారే?"

"చూడాలక్కా. వస్తా."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. ఎంతమందిని ఆ ప్రశ్న అడిగిందో లెక్కలేదు. తనను అడిగినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. సంచిలోంచి చీటీ, పెన్సిలు తీసింది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నా రాసింది: "ఖాళీ రోజున ఎదురుగా కూర్చోకూడదు. చెయ్యి పట్టుకునేంత దగ్గరలో కూర్చోవాలి." దాని కింద రెండు అని అంకె వేసి, ఏం రాయాలా అని కిటికీకి తల ఆనించింది. బయట దుకాణాల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

ఆమె దిగవలసిన స్టాపు వచ్చింది, పోయింది. ఆఖరి స్టాపులో కండక్టరు రెండుసార్లు పిలిచాడు.

ఎనిమిదో తారీకున టైలరమ్మ బల్ల దగ్గర ఉంది. పెద్దక్కకు ఆపరేషను బాగా జరిగిందని ఆ పొద్దునే ఆసుపత్రి నుంచి కబురు. అప్పటికి రెండు ఫోన్లు వచ్చాయి, రెండూ మూడోది మోగకముందే తీసింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తింది. యాభై దాటిన ఆడమనిషి, చేతిలో అల్యూమినియం కర్ర, దానికి వేలాడుతూ తన చేతిరాత ఉన్న అట్టముక్క.

టైలరమ్మ లేచింది. ఏమైందని అడగలేదు. కర్ర వంక చూడలేదు. కుర్చీ జరిపి కూర్చోబెట్టింది, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చి, తనూ పక్కనే కూర్చుంది.

ఆమె సగం గ్లాసు తాగింది. గ్లాసు ఒళ్ళో పెట్టుకుని అంది. "పొద్దున ఇక్కడికి బయలుదేరి, గ్యాసు కట్టానా లేదా అని రెండుసార్లు వెనక్కి వెళ్ళానండి. ఇంతకు ముందు నాకు ఆ అలవాటు లేదు." తర్వాత పర్సులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది అక్క చేతిలో ఉంది. మీ పని తాలూకు అనుకుంటా."

టైలరమ్మ చదివింది. అంకె మాత్రమే ఉన్న రెండో వరుస దగ్గర కాసేపు ఆగింది. దాన్ని ఆ యాభై మూడింటితో కలిపి రబ్బరు బ్యాండు వేసింది.

చెల్లెలు "వస్తానండి" అని వెళ్ళాకే మూడో గడిలో తేదీ వేసింది. తిరిగి వచ్చిన కర్రలన్నిటినీ గుండీ నొక్కి, పొట్టిగా చేసి తగిలించడం అక్కడి పద్ధతి. ఆ కర్ర మాత్రం నాలుగో రంధ్రం దగ్గర బిగించినది బిగించినట్టే, మిగతావాటికంటే కాస్త కిందికి దిగి, కొక్కేనికి వేలాడుతోంది.