పానికెకె కోసం చూసిన చూపు

పెద్దవాళ్ల ముఖంలోకి గుడ్లప్పగించి చూసే పిల్లలంటే నాకు ఒళ్లు మంట. మా సమోవా వాళ్ల ఇళ్లలో పిల్లలు తల వంచుకునే పెరగాలి. అందుకే నా మనవడు సెఫో రెండున్నరేళ్లు వచ్చినా ఎవరి కళ్లలోకీ చూడకపోతే మురిసిపోయాను. "మర్యాద వాడి రక్తంలోనే ఉంది," అని మేమిప్పుడుంటున్న మౌంట్ డ్రూయిట్ ఊరి చర్చిలో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. పాస్టరు గారు కూడా అవునన్నారు. పిలిస్తే పలకడేమని అడిగినవాళ్ల నోరు మూయించాను.

నా కూతురు లాంగికి మాత్రం బెంగ పట్టుకుంది. పిల్లాడి చూపు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టే యంత్రం ఒకటుందని క్లినిక్కులో నర్సు చెప్పిందట. తెర మీద ఒక పక్క ఆడమనిషి మాట్లాడుతుంది, ఇంకో పక్క రంగు చక్రాలు తిరుగుతాయి. పిల్లాడు ఆమె కళ్లు చూస్తాడా, చక్రాలు చూస్తాడా అన్నదాన్ని బట్టి ఆటిజం ఉందేమో పసిగడతారట.

"ఉందంటే ఏం చేస్తారే?" అన్నాను.

"మాటలు నేర్పేవాళ్లను పంపుతారమ్మా. ఎంత తొందరగా తెలిస్తే వాడికి అంత మంచిది."

ఆ మాట నా చెవికెక్కితేగా! కళ్లలోకి చూడొద్దని వాడికి నేర్పింది నేనే కదా. ఆ పాడు యంత్రం నా పెంపకాన్ని జబ్బు అంటుంది. సర్కారు వాళ్లెవరో వచ్చి పిల్లాణ్ణి పట్టుకుపోతే? ఆ భయంతో నాకు అన్నపానాలు సయించలేదు.

పరీక్షకు వారం ఉంది. లాంగి పనికి వెళ్లగానే పానికెకెలు వేయించేదాన్ని. ఆ తీపి ఉండలంటే వాడికి ప్రాణం. ఒక ముక్క నా కళ్ల మధ్య పెట్టుకుని "సెఫో!" అనేదాన్ని. చూస్తే వాడి చేతిలో పెట్టేదాన్ని. నాలుగో రోజుకి ముక్క లేకపోయినా కళ్లలోకి చూసి చేయి చాపడం మొదలుపెట్టాడు.

గురువారం లాంగి పని నుంచి రాగానే వాడు ఆమె కళ్లలోకి చూశాడు. చేయి చాపాడు. ఎత్తుకోమంటున్నాడనుకుని ఆ పిచ్చిపిల్ల వాణ్ణి ఎత్తుకుని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

"అమ్మా, నన్ను చూశాడమ్మా! మొదటిసారి చూశాడు!"

ఆక్లండ్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను తల ఎత్తకుండా గిన్నెలు తోముకున్నాను.

మర్నాడే పరీక్ష. వాడు నా ఒళ్లో తప్ప కూర్చోలేదు. యంత్రం నా చూపును పట్టుకోకుండా పరీక్ష చేసే కెర్రీ అనే అమ్మాయి నాకు నల్లద్దాలు పెట్టింది. ఏమీ కనపడదు.

"ఏమ్మాయ్, నేనేమైనా కాపీ కొడతానా?"

"బామ్మలందరూ కొడతారండీ," అని నవ్వింది.

తెర మీద ఆడగొంతు మొదలైంది. సెఫో చేయి వెనక్కి వచ్చి నా అరచేతిలో తడిమింది. ఖాళీ అని తెలిసి వెళ్లిపోయింది. ఇంకో గొంతు వచ్చింది. మళ్లీ అదే చేయి, మళ్లీ తడుముడు. వాడు ఆ కళ్లను చూస్తున్నాడు, చూసినందుకు కూలి అడుగుతున్నాడు. నా ఐదుగురు పిల్లలూ తల వంచుకునే పెరిగారు. కానీ నేను అటు తిరగ్గానే నా ముఖంలోకి దొంగచూపులు చూసేవాళ్లు. వీడు ఒక్కసారైనా అలా చూశాడా? దేవుడా, ఇన్నాళ్లూ నేను ఆ సంగతే ఆలోచించలేదు.

అద్దాలు తీశాక కెర్రీ అంది, "ముఖాలు బాగానే చూశాడండీ. కంగారు పడాల్సిందేమీ కనపడలేదు. డాక్టరుగారికి అదే రాస్తాను."

లాంగి పకపకా నవ్వి నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఇక వాడి కోసం ఎవరూ రారు. మాటలు నేర్పేవాళ్లు రారు. నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, వాడు మాత్రం అలాగే ఉండిపోతాడు.

"రాయకమ్మాయ్," అన్నాను. "నేనే నేర్పాను. వారం రోజులుగా, కళ్లలోకి చూస్తే తిండి పెట్టాను."

కెర్రీ కలం ఆగింది. "చెప్పి మంచిపని చేశారు. ఆరు వారాలాగి మళ్లీ తీసుకురండి. ఈలోపు ఇంకేమీ నేర్పకండి."

లాంగి అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. కారు దాకా వాణ్ణి తనే ఎత్తుకుని నడిచింది. సెఫోని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"అమ్మా, నిన్న నన్ను చూశాడు కదా. అదీ పానికెకె కోసమేనా?"

నేను నోరు తెరిచేలోపే సెఫో తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. చూసి, అరచేయి చాపాడు.