మచ్చ అంచు

బాన్సువాడ అవతల, కాలువ పక్క మడిలో సుడిదోమ పట్టి చాటంత మేర వరి ఎండి మచ్చ పడింది. వరి ఇంకా కంకి తీయకుండా పొట్ట మీద ఉంది. నీళ్లు తీసేసి, చేనులో బాటలు కోసి, మందు కొడితే ఆగుతుంది. ఆ మడి రైతు ఆశన్నకు అది తెలియనిది కాదు.

అసలు నాటు వేసేటప్పుడే బాటలు విడవాలి. గాలి, వెలుతురు ఆడితే దోమ నిలవదు. ఏటా ఆ పని భార్య సాయవ్వ చూసుకునేది. ఆమె పోయాక ఇదే మొదటి నాటు. "బాటలు ఏడ ఇడవాలె పటేలా?" అని కూలి ఆడవాళ్లు అడిగితే ఆశన్న గట్టు మీద నారు కట్టలు సర్దుతూ ఉండిపోయాడు. వాళ్లు సందు లేకుండా నాటేశారు.

తమ్ముని బిడ్డ రోజారాణి ఆదివారం మచ్చ చూడటానికి వచ్చింది. నిజామాబాద్‌లో లెక్కల్లో పెద్ద చదువు చదువుతోంది. గుంపులు వాటంతట అవి ఎట్లా పెరుగుతాయన్నది ఆమె ప్రాజెక్టు. మచ్చ అంచు పొడుగునా పుల్లలు గుచ్చి ఫోటో తీసింది. తర్వాత మచ్చ పెరిగే తీరును ఫోన్‌లో గళ్లుగా చూపించింది. ఒక గడి నిండింది. దాని పక్కది నిండింది. ఆ రెంటి పక్కన ఇంకొకటి.

"ఇగ దేనికి అంటుకుంటదో ఎవ్వరు చెప్పలేరు పెద్దబాపు. చీటీ తీసినట్టే. కానీ మొత్తం పెరిగినంక సూడు, గుండ్రంగనే ఉంటది. అంచే గరుకు."

"దోమకు గీ లెక్క తెల్సా?"

"తెల్వది. గందుకే లెక్క కుదురుతది."

ఆశన్న నవ్వాడు. "మరి నడిమిట్ల దుబ్బు?"

"దానికి ఇగ పని లేదు. చుట్టూ అన్నీ ఎండినయే. పెరిగేదంతా అంచుకే."

ఆయన ఎండిన ఆ దుబ్బు వైపు కాసేపు చూశాడు. ఆ పూట ఇద్దరూ గట్టు మీద కూర్చుని తిన్నారు. మళ్లీ ఆదివారం వచ్చి కొలుస్తానని చెప్పి ఆమె ఆటో ఎక్కింది.

ఆ వారం ఆశన్న నీళ్లు తీయలేదు. మందు డబ్బా మూత తీయలేదు.

"ఏంది బావా, దోమను సాదుతున్నవా? పాలిస్తదా ఏంది?" అన్నాడు పక్క మడి నర్సింలు. "రేపు నా చేన్ల పడ్తది."

"చూద్దాం" అన్నాడు ఆశన్న.

అన్నట్టే ఆదివారం రోజారాణి వచ్చింది. ఆ పై ఆదివారం కూడా వచ్చింది. అప్పటికి మచ్చ కల్లమంత అయింది. ఒక కొన నర్సింలు గట్టుకు దగ్గరపడింది. ఆమె మడిలో నిండా ఉన్న నీళ్లు చూసింది.

"నీళ్లు తియ్యలేదా? మందు?"

ఆశన్న తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నీకు ఫోటోలు కావాలె గద."

రోజారాణి చేతిలో పుల్లలు చేతిలోనే ఉన్నాయి. "పోయినసారియే సాలినయి పెద్దబాపు. నువ్వొక్కనివే ఉన్నవని అచ్చిన." పుల్లలు సంచిలో పెట్టుకుని, "పరీక్షలున్నయి. ఇగ ఓ నెల రాను" అంది.

ఆటో మలుపు తిరిగాక ఆశన్న గట్టుకు గండి కొట్టి నీళ్లు వదిలాడు. కొడవలి తీసుకుని, ఎండినదానికి రెండు బారలు అవతల, పచ్చటి వరిని చుట్టూ బాటగా కోస్తూ పోయాడు. గింజ పాలు పోసుకుంటోంది. చేతులు జిగటగా అయ్యాయి. నర్సింలు చూసి, రెండో పక్క నుంచి కోయడం మొదలుపెట్టాడు.

వారం తిరిగినా మచ్చ బాట దాటలేదు. ఆశన్న ఫోన్ చేశాడు.

"ఆగింది బిడ్డా."

"మంచిదైంది పెద్దబాపు. ఇంకేంది?"

చెప్పడానికి ఇంకో మాట కోసం ఆయన చాలా వెతికాడు.

"ఇంకేం లేదు" అన్నాడు.