చివర దిగే మనిషి

మూడు బంతుల్లో రెండు లేచాయి. మూడోది గొట్టం అడుగున కాస్త కదిలి, మళ్ళీ చతికిలబడింది.

నూకరత్నం నోట్లోంచి పైపు తీసి, మంచం పట్టె పట్టుకుని రొప్పుతూ కూర్చుంది. ఆ ప్లాస్టిక్ డబ్బాకున్న పైపు నోట పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు పైకి లేవాలి. ఆపరేషనయ్యాక ఊపిరితిత్తులు బిగుసుకుపోకుండా ముందు నుంచే అలవాటు చేసుకోమన్నారు. ఇంటి దగ్గర కూడా రోజూ లాగింది. మూడో బంతి మాత్రం ఆమె మాట వినలేదు.

“బుగ్గలతో కాదమ్మా, పొట్టలోంచి లాగాలి. ఉండు, నన్ను చూడు,” అన్నారు పక్క మంచం మీది బాలాత్రిపురసుందరిగారు.

ఆవిడ తన డబ్బా తీసుకుని ఒక్క లాగు లాగారు. మూడూ టక్కున పైకి తగిలాయి. ఆవిడ గర్వంగా కళ్ళెగరేసి, చెంగుతో మూతి తుడుచుకున్నారు.

రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తులో ఉందా గది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ల డాక్టరు నెలకోసారి హైదరాబాదు నుంచి వచ్చి రెండు రోజులుండి వెళతాడు. ఇవాళ త్రిపురసుందరిగారి వంతు. రేపు పొద్దున్న నూకరత్నం వంతు.

త్రిపురసుందరిగారు కోనసీమలో ఓ హైస్కూల్లో తెలుగు పంతులమ్మ. పచ్చటి మనిషి, గుండ్రటి మొహం, రెండు పూటలా షుగరు ఇంజెక్షను. మోకాళ్ళు అరిగిపోయి మూడేళ్ళుగా కుర్చీలో కూర్చునే పాఠం చెబుతున్నారు. భర్త వేంకటేశ్వర్లుగారు పూచికపుల్లలా ఉంటారు. వరండాలో స్టూలు మీద కూర్చుని, లోపల్నుంచి దగ్గు వినిపించినా లేచి తొంగిచూస్తారు.

నూకరత్నం ఆర్టీసీలో కండక్టరు. ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె నడుము చూసి, సీట్ల మధ్య చేపపిల్లలా జారిపోతోందని డ్రైవర్లు అనేవారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. థైరాయిడు వచ్చింది. వేళాపాళా లేని డ్యూటీలు, బస్టాండులో దొరికిన పూరీలు, రాత్రి పదింటికి ఇంటికెళ్ళి తినే చద్దన్నం. ఒళ్ళు ఎప్పుడు పెరిగిందో ఆమె చూడనేలేదు. ఇప్పుడు పాదాల మీద చర్మం నిగనిగలాడుతూ చెప్పుల వార్ల మధ్య నుంచి ఉబికి వస్తుంది. మెడ వెనక నల్లటి మడత పడింది. సీట్ల మధ్య పక్కకి తిరిగి నడవాలి. కూర్చున్నవాళ్ళు భుజాలు ముడుచుకుంటారు. కొందరు నవ్వుతారు. అదీ ఆమెకు అలవాటైపోయింది.

ఆపరేషను సంగతి తెలిశాక డిపోలో ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. “నోరు కట్టుకుంటే పోయేదానికి కోతెందుకే?” అంది తోటి కండక్టరు. “చేయించుకో, మళ్ళీ పదారేళ్ళ పిల్లవవుతావు,” అంది క్యాంటీను ఆవిడ. “సన్నబడాక కడుపులో ఏదీ ఇమడదంట, జుట్టంతా రాలిపోద్దంట,” అన్నారింకొకరు. మొగుడు చిట్టియ్య లారీ డ్రైవరు. కడియం నుంచి మొక్కలు వేసుకుని నాగపూర్ వెళ్ళాడు. వెళ్ళే ముందు ఒకటే మాట అన్నాడు. “నేనేమన్నా అన్నానా నిన్ను?”

ఆ మాట నిజమే. ఏనాడూ అనలేదు.

కాసేపటికి నర్సు వచ్చి ఇద్దర్నీ వరండాలో నడవమంది. ఆ చివర బల్ల మీద వెంకటరాజుగారు కూర్చున్నారు. భీమవరం వైపు రొయ్యల చెరువులాయన. నిరుడు ఇక్కడే ఆపరేషను చేయించుకుని, ఇప్పుడు పరీక్షకి వచ్చారు. ఖాళీ సంచీలా మెడ కింద చర్మం వేలాడుతోంది. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

“ఎంత తగ్గారండీ?” అని అడిగారు త్రిపురసుందరిగారు.

“సగం మనిషిని పోయానండి. మెట్లెక్కుతున్నాను, గట్ల మీద నడుస్తున్నాను. అంతా బానే ఉందండి.” ఆయన జారిన చొక్కా భుజం మీదికి లాక్కున్నారు. “మొన్న మా మేనల్లుడి పెళ్ళండి. నాలుగు ముద్దలకే గొంతు దాకా వచ్చేసింది. పంక్తంతా లేచిపోయినా నా ఆకు నిండుగానే ఉంది. వడ్డించే కుర్రాడు వచ్చి, ఏం రాజుగారూ, మామీద కోపమా అన్నాడండి. ఏం చెప్తామండీ?”

“తిండేనా రాజుగారూ మనిషంటే?” అన్నారు త్రిపురసుందరిగారు. “పన్ను పుచ్చితే పీకించుకుంటాం. కంట్లో శుక్లం వస్తే తీయించుకుంటాం. పొట్ట దగ్గరకొచ్చేసరికి లోకమంతా నీతులు చెబుతుందేంటండీ?”

“ఆయ్, మీరు చదువుకున్నవారు. నేనేదో నాకు తోచింది అన్నాను.”

నూకరత్నం గోడకి ఆనుకుని అడిగింది. “మళ్ళీ మొదటికొస్తే చేయించుకుంటారా అండీ?”

వెంకటరాజుగారు తన అరిచేతుల వంక చూసుకున్నారు. “ఆ మాట అడక్కండమ్మా,” అన్నారు.

పదింటికి స్ట్రెచరు వచ్చింది. త్రిపురసుందరిగారు గాజులు తీసి భర్త చేతిలో పెట్టారు. మంగళసూత్రాలు మాత్రం తీసి కళ్ళకద్దుకున్నాకే ఇచ్చారు. అది చూసి నూకరత్నం మొహం తిప్పుకుంది. “అరుగు మీద మఠం వేసుక్కూర్చుని పిల్లలకి పద్యం చెప్పాలమ్మా. అంతే నా కోరిక,” అన్నారావిడ, ఎవరో అడిగినట్టు. స్ట్రెచరు చక్రాలు కిర్రుమంటూ వెళ్ళిపోయాయి.

గదిలో నూకరత్నం ఒక్కతే మిగిలింది. మంచం దిగి, సంచీ సర్దుకుని, మెట్లు దిగి, ఏదో ఒక బస్సెక్కేస్తే? తన డిపో బస్సే దొరుకుతుంది, టిక్కెట్టు కూడా అడగరు. లేచి కిటికీ దాకా వెళ్ళింది. కింద రోడ్డు మీద అమలాపురం బస్సొకటి హారను కొడుతూ పోతోంది. దాన్ని చూడగానే వెనక్కి వచ్చి మళ్ళీ మంచం మీద కూర్చుంది.

నిరుడు వానల్లో జరిగిందది. ఎదురొచ్చిన ట్రాక్టరుకి దారిస్తూ బస్సు గట్టు జారి కాలవలోకి ఒరిగింది. తలుపులున్న వైపు బురదలో దిగబడింది. మిగిలింది వెనక అద్దం ఒక్కటే. డ్రైవరు పెదబాబు దాన్ని పగలగొట్టి, గట్టు మీదికెక్కి ఒక్కొక్కరినీ లాగాడు. లోపల్నుంచి నూకరత్నం అందించింది. ముసలమ్మలు, స్కూలు పిల్లలు, కోళ్ళ గంప. అందరూ దిగారో లేదో చూసుకుని చివర దిగడం కండక్టరు పని. అందరూ దిగారు. ఆమె తల దూర్చింది, భుజాలు దూర్చింది. నడుము దగ్గర ఇరుక్కుపోయింది. బయటికి లాగితే రాలేదు. పగిలిన అద్దం పొట్టలో దిగుతుంటే తిరిగి లోపలికి జారిపోయింది.

బస్సు కొంచెం కొంచెంగా కుంగుతోంది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, నడుముకొచ్చాయి. గట్టు మీద గుమిగూడినవాళ్ళు సలహాలు చెప్పారు. నూనె రాయమన్నాడొకడు. రేకు కోయమన్నాడొకడు. ఎవడో నవ్వు ఆపుకోలేకపోయాడు. పెదబాబు మాత్రం అద్దం అంచున బోర్లా పడుకుని, ఆమె మణికట్టు పట్టుకుని, “నేనున్నాను కదమ్మా. కదలకండి. వస్తన్నారు. అదిగో వస్తన్నారు,” అంటూనే ఉన్నాడు. నీళ్ళు గుండెల దాకా వచ్చాక క్రేను వచ్చింది.

ఎవరూ చావలేదు. పేపర్లో కూడా రాలేదు. కానీ ఆ రోజు నుంచీ కళ్ళు మూసుకుంటే చల్లటి నీళ్ళు పొట్ట మీద పాకుతున్నట్టుంటుంది. బస్సెక్కగానే ముందు కిటికీలు చూసుకుంటుంది, తను పడుతుందా లేదా అని. ఏ కిటికీలోంచీ పట్టదు.

మధ్యాహ్నం దాటాక త్రిపురసుందరిగారిని గదికి తీసుకొచ్చారు. పెదాలు ఎండిపోయాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా నూకరత్నం వైపు తల తిప్పి, “ఏమీ లేదమ్మాయ్. చీమ కుట్టినట్టుందంతే,” అన్నారు. వేంకటేశ్వర్లుగారు కాళ్ళ దగ్గర నిలబడి, దుప్పటి సరిచేసి, మళ్ళీ సరిచేశారు. ఆ మాట విన్నాక నూకరత్నం తన డబ్బా తీసుకుని మళ్ళీ బంతులు లేపబోయింది.

సాయంత్రం నర్సు ఆవిడని లేపి నడిపించింది. ఆపరేషనయ్యాక ఎంత తొందరగా నడిస్తే అంత మంచిదట. సెలైను స్టాండు పట్టుకుని, పంటి బిగువున వరండా చివరిదాకా వెళ్ళి వచ్చారు. మంచం మీద కూర్చున్నారు. “ఈయన్ని కిందికి పంపించాను, కాఫీ తాగి రమ్మని. పొద్దుట్నుంచీ పస్తులున్నాడు పిచ్చి మానవుడు,” అన్నారు. తర్వాత, “కొంచెం ఆయాసంగా ఉంది. ఆ ఫ్యాను పెంచుతావా అమ్మా?” అన్నారు.

నూకరత్నం చేతులు ఆనించుకుని లేచింది. స్విచ్చి తలుపు పక్కనుంది. మంచం చుట్టూ తిరిగి, గోడ పట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఫ్యాను తిప్పి, “చాలా అండీ?” అంది.

జవాబు రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ పక్కకి ఒరిగి ఉన్నారు. నోరు తెరుచుకుంది. పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి.

నూకరత్నం కేక వేసింది. అంత పెద్ద కేక బస్సులో కూడా ఎప్పుడూ వేయలేదు. నర్సులు పరుగెత్తుకొచ్చారు. ఒకరు గుండె మీద నొక్కుతుంటే ఒకరు తెర లాగారు. స్ట్రెచరు మీదికి మార్చి, పరుగులాంటి నడకతో తోసుకుపోయారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. నూకరత్నం స్విచ్చి దగ్గరే నిలబడిపోయింది.

వీధి లైట్లు వెలిగేసరికి అంతా అయిపోయింది.

డాక్టరే గదికి వచ్చాడు. చిన్నవాడు, కళ్ళ కింద నల్లటి చారలు. “కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందమ్మా. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం. అయినా ఎప్పుడో ఒకరికి ఇలా జరుగుతుంది. మీకు గడ్డ కట్టకుండా మందు పెంచుతాను. కానీ వెళ్ళిపోతానన్నా నేనేమీ అనుకోను. పొద్దున్న చెప్పండి,” అన్నాడు.

కాసేపటికి సామాను తీసుకోడానికి వేంకటేశ్వర్లుగారు వచ్చారు. చీరలు మడతపెట్టి సంచీలో పెట్టుకుంటున్నారు. మడత కుదరక మళ్ళీ విప్పుతున్నారు. నూకరత్నం వెళ్ళి ఆ చీర అందుకుని మడతపెట్టింది.

“ఫ్యాను వెయ్యమన్నారండీ,” అంది. “నేను తొందరగా వెళ్ళలేకపోయాను.”

“దానిదేముందమ్మా!” అన్నారాయన. “వద్దని నేను అంటూనే ఉన్నాను. మా ఆవిడ నా మాట ఎప్పుడు వింది కనక?” నవ్వబోయారు. నవ్వు రాలేదు. “మీకేం చెప్పాలో నాకు తెలీదమ్మా. చేయించుకోమని చెప్పలేను. వద్దని చెబితే, ఆవిడ నామీద కోప్పడుతుంది.”

ఆయన వెళ్ళాక చిట్టియ్యకి ఫోను చేసింది. నాగపూర్ నుంచి తిరిగొస్తూ లారీ హైదరాబాదు దాటింది. సంగతంతా విని అతను లారీ పక్కకి తీసి ఆపాడు.

“రత్నం, నామాట విను. సంచీ సర్దుకో. నేను వచ్చేత్తాను, ఇంటికెళ్ళిపోదాం. నాకు నువ్విలాగే బావున్నావు.”

“తెలుసు.”

“మరింకేంటి?”

“భయమేత్తందయ్యా,” అంది. అని ఏడ్చింది. అవతల్నుంచి అతను కూడా ముక్కు ఎగబీల్చడం వినిపించింది. చెంగుతో మొహం తుడుచుకుంది. “బల్ల మీద పడుకుంటే ఇలాగైపోతానేమోనని భయం. ఇంటికొచ్చేత్తే మళ్ళీ బస్సెక్కాలి. అది ఇంకా భయం. కాలవలో నీళ్ళు గుండెల మీదికొచ్చినప్పుడు నువ్వు లేవు. పెదబాబుగారున్నారు. ఆయన నా చెయ్యి వదలాల్సొచ్చుంటే? ఆ మనిషి మొహం నాకింకా కనపడతంది.”

చిట్టియ్య లారీ స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. “తెల్లారేసరికి అక్కడుంటాను,” అన్నాడు.

ఉన్నాడు కూడా. చొక్కా నిండా దుమ్ముతో, ఎర్రబడ్డ కళ్ళతో, స్ట్రెచరు పక్కన నడిచాడు. థియేటరు తలుపు దగ్గర నూకరత్నం అతని వేలు పట్టుకుని వదల్లేదు. నర్సే మెల్లగా విడదీసింది. లోపల అంతా చలి. మొహం మీద మాస్కు పెట్టి గట్టిగా గాలి పీల్చమన్నారు. చల్లటి నీళ్ళు పొట్ట మీదికి పాకినట్టయింది. పెదబాబుగారూ అని పిలవాలనుకుంది. నోరు పెగల్లేదు.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ గోడ మీద ఉంది. పొట్టలో ఎవరో నిప్పులు పోసినట్టుంది. చిట్టియ్య ఆమె పాదం పట్టుకుని, కూర్చున్నచోటే నిద్రపోతున్నాడు.

బతికే ఉన్నాననుకుంది. ఆ వెంటనే, ఆవిడ కూడా ఈ వేళకి బతికే ఉన్నారని గుర్తొచ్చింది.

సాయంత్రం నర్సు వచ్చి లేవమంది. నూకరత్నం లేవనంది. “ఇంకాసేపు, అమ్మా. చీకటి పడనీ,” అని బతిమాలింది. నర్సు ఊరుకోలేదు. చిట్టియ్య భుజం కింద చెయ్యి వేసి లేపాడు. ఒక చేత్తో స్టాండు, ఒక చేత్తో మొగుడి భుజం పట్టుకుని ఆమె అడుగేసింది. ప్రతి అడుగుకీ ఆగి, గాలి అందుతోందో లేదో చూసుకుంది. అందింది. ఇంకో అడుగు వేసింది. మళ్ళీ అందింది. వరండా చివర బల్ల ఖాళీగా ఉంది. అక్కడిదాకా వెళ్ళి, గోడ ముట్టుకుని వెనక్కి వచ్చారు.

వీధి లైట్లు వెలిగాయి. ఆయాసం రాలేదు. చిట్టియ్య ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, చెమట తుడిచి, మంచినీళ్ళ కోసం వెళ్ళాడు.

అప్పుడు గానీ ఆమె పక్క మంచం వైపు చూడలేకపోయింది. దుప్పటి తీసేశారు. దిండు తీసేశారు. ఎర్ర రెక్సిను పరుపు మధ్యలో ఓ పెద్ద మనిషి ఒళ్ళంత పల్లం, ఇంకా పొంగకుండా, అలాగే ఉంది.