ఆ డ్రైవర్ పేరు

పెనుకొండలో నాది ఫ్లెక్సు ప్రింటింగ్ షాపు. యువ హీరో శశాంక్‌దేవ్ తన డ్రైవర్ని కొట్టాడన్న కేసులో అరెస్టయిన మరునాడు, ఆయన అభిమానులు ఇద్దరు ఒకేసారి వచ్చారు. పోయిన నెల ఆయన పుట్టినరోజు ఫ్లెక్సులో కింది వరసలో వాళ్ల ఫొటోలు పక్కపక్కనే వేసింది నేనే.

"అక్కా, 'మా అన్న నిర్దోషి' అని పెద్దక్షరాలతో వేయి," అన్నాడు మహేష్.

"నాకు 'ఈ దుర్మార్గుణ్ణి వదలొద్దు' అని వేయక్కా. పాత ఫ్లెక్సులో నా ఫొటో తీసేయి," అన్నాడు ఈరన్న.

నాకు ఒళ్లు మండింది.

"మీరు ఆడ ఉండి కళ్లారా చూసినారా?"

"టీవీలో చెప్పినారు కదక్కా."

"సరే, ఆ డ్రైవర్ పేరేంది?"

పేరు ఇద్దరికీ తెలీదు.

"కోర్టు తేల్చేదాకా మీ హీరో నేరస్తుడూ కాదు, ఆ డ్రైవర్ అబద్ధాలకోరూ కాదు. ముందు పేరు కనుక్కొని రాండి, అప్పుడు వేస్తా," అని మిషన్ ఆపేశాను.

సాయంత్రం ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు.

"ఆయప్ప పేరు మల్లికార్జున అంటక్కా. మన ధర్మవరమే," అన్నాడు ఈరన్న. "వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడినాం. 'మా మాట మేం కోర్టులో చెప్పుకుంటాం, మీరు బజార్లో గోల చేయకుంటే చాలు నాయనా,' అనింది."

"ఫ్లెక్సులు వద్దులేక్కా," అన్నాడు మహేష్, తల దించుకుని.

రెండు ఆర్డర్లూ పోయాయి. ముగ్గురికీ టీ నేనే తెప్పించాను.