గాలిగుమ్మటం దిగిన రోజు

పత్రికాఫీసు పాత సంచికల గదిలో ఆరాలమ్మ మెత్తని కుంచెతో ఒక సంపుటం వీపు మీద దుమ్ము దులుపుతోంది. బిగించి ముడేసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, కాగితాల దుమ్ముకు పొడిబారిపోయిన వేళ్ళు. ఎడమవైపు కంప్యూటరు, కుడివైపు కార్డుల సొరుగులు. రెంటి మధ్యా ఆమె కుర్చీ.

ఆ పేరు తల్లి పెట్టింది కాదు. చిన్నప్పుడు "చేపలు నిద్రపోతాయా?" అని అడిగితే వీపు మీద ఒకటి పడేది. అత్తవారింట్లో "ఈ పిల్లకి ఆరాలెక్కువ" అన్నారు. భర్త మాత్రం నవ్వి, "ఆరాలు తీస్తే జీతమిస్తారట, వెళ్తావా?" అంటూ ఈ ఉద్యోగం ప్రకటన కత్తిరించి తెచ్చాడు. అతను పోయి చాలా ఏళ్ళయింది. ప్రశ్నలు మాత్రం రోజూ ఎవరో ఒకరు మోసుకొస్తూనే ఉన్నారు.

ఇవాళ ఒక పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"నాకు ఆరేళ్ళప్పుడమ్మా, ఒళ్ళు కాలే జ్వరం. కిటికీలోంచి చూస్తే ఎదురు మైదానంలో ఇంటంత బెలూను దిగింది. అమ్మానాన్నా ఆ పూట ఇంట్లో లేరు. చెబితే మా అన్నయ్య కలవరింతన్నాడు. అప్పట్నుంచీ నేనేం చెప్పినా మా ఇంట్లో 'బెలూను కబుర్లే'. ఇప్పుడు వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇవాళో రేపో అంటున్నారు. వాడుండగానే ఇది తేలాలి."

"నిజంగా కలే అయితే?"

"అయితే ఓడిపోయానని నేనే చెప్పొస్తా."

ఆరాలమ్మ కంప్యూటరులో 'బెలూను' అని కొట్టింది. పుట్టినరోజు ఫొటోలూ, రబ్బరు కంపెనీ ప్రకటనలూ కుప్పలుగా వచ్చిపడ్డాయి. 'విమానాలు' అన్న సొరుగు లాగి కార్డులన్నీ తిరగేసింది. లేదు. పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. ఆ కాలపు విలేకరి దాన్ని ఏమని రాసి ఉంటాడు? బీరువాలోంచి అట్ట ఊడిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీసి 'బెలూన్' దగ్గర చూసింది. గాలిగుమ్మటం!

ఆ మాట కొడితే కంప్యూటరులో ఒకే ఒక్కటి దొరికింది. పాఠకుల ఉత్తరాల్లో ఎవరో తోట యజమాని, మొన్న గాలిగుమ్మటం చూడవచ్చిన జనం తన కంచె విరగ్గొట్టారని వాపోయాడు. అసలు వార్త అచ్చు అలుక్కుపోయి యంత్రానికి అందనట్టుంది. పోనీ, తేదీ తెలిసింది. తీగ దొరికాక డొంక ఎక్కడికి పోతుంది? ఆరాలమ్మ నిచ్చెనెక్కి సంపుటం దించింది.

ఇద్దరూ తలలు ఆనించి చదివారు. ఎర్రని గాలిగుమ్మటం దారి తప్పి మైదానంలో దిగిందట. నడిపేవాడు క్షేమమట. చివరి వాక్యం దగ్గర ఆరాలమ్మ వేలు ఆగింది.

'ఎదురింటి బట్టలకొట్టు యజమాని పెద్దకుమారుడు బడివేళయైనను అచ్చటనే యుండి, త్రాడు విడువక పట్టుకొనుటచే అరచేతులు ఒరసికొనిపోయినవి.'

పెద్దావిడ ఆ వాక్యాన్ని మళ్ళీ మొదట్నుంచీ చదివింది.

"ఆ కొట్టు మాదే! అంటే వాడు అక్కడే ఉన్నాడా?"

"బడి ఎగ్గొట్టి," అంది ఆరాలమ్మ.

"నాన్నకి తెలిస్తే తోలు తీసేవాడు. అందుకని నన్ను పిచ్చిదాన్ని చేశాడా దొంగ వెధవ! అమ్మ వాడి చేతులకి వెన్న రాయడం నాకు గుర్తే. బావితాడు ఒరుసుకుందన్నాడు. నాన్న పేపరు చదివే రకం కాదు, బతికిపోయాడు!"

కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వింది. కాపీ తీసిన కాగితం చేతిలో పడగానే, మోకాళ్ళ నొప్పుల సంగతే మరిచిపోయినట్టు మెట్లు దిగింది. ఆరాలమ్మ ఆ వార్తకు కొత్త కార్డు రాసి సొరుగులో పెట్టింది. మళ్ళీ ఎవరైనా 'బెలూను' అని అడిగితే దొరికేలా కంప్యూటరులోనూ ఎక్కించింది.

సాయంత్రం గది మూసేవేళ ఫోను మోగింది.

"అన్నయ్య వెళ్ళిపోయాడమ్మా."

"చూపించారా?"

"చదివి వినిపించాను. కళ్ళు తెరిచి అరచేతులకేసి చూసుకున్నాడు. 'అబ్బ, ఎంత మండాయనుకున్నావే!' అన్నాడు. మరింకేం అనలేదు."

ఆరాలమ్మకు అడగాల్సినవి చాలానే తోచాయి. ఒక్కటీ అడగలేదు.

ఫోను పెట్టేసి దీపం ఆర్పబోతుంటే, బల్ల చివర సంపుటం వెనకాల పెద్దావిడ ఆస్పత్రికని తెచ్చి మరిచిపోయిన ఫ్లాస్కు కనిపించింది. మూత కాస్త తిప్పి చూసింది. లోపల పాలు ఇంకా వేడిగానే ఉన్నాయి.