గేటు ఎత్తు

సోమవారం సాయంత్రం అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్లో లాప్‌టాప్ బ్యాగు పోయింది. సెంటర్ మూడో అంతస్తులో ఉంది. కుడివైపు క్లాసు గదులు, ఎడమవైపు మెట్లు, మధ్యలో కౌంటర్. కౌంటర్లో పనిచేసే హరిణిని మంగళవారం ఉదయం కెమెరా రికార్డింగ్ చూడమన్నారు. నాలుగు నిమిషాల్లో సంగతి తేలింది. ఒక విద్యార్థి తన బ్యాగే అనుకుని పట్టుకెళ్లాడు. ఫోన్ చేస్తే తెచ్చిచ్చాడు.

హరిణి రికార్డింగ్ ఆపలేదు. వెనక్కి, సోమవారం ఉదయానికి తిప్పింది.

10:14కి క్లాసులోంచి ఒక అమ్మాయి మెట్ల వైపు వచ్చింది. కౌంటర్లో ఉన్న మనిషి లేచి, వెనకున్న జిరాక్స్ గదిలోకి రెండడుగులు వేసి, గోడకు ముఖం పెట్టి నిలబడింది. తలుపు సందులోంచి ఆమె వీపు కనిపిస్తోంది. అమ్మాయి మెట్లు దిగాక వచ్చి కూర్చుంది. 10:21కి ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. ఆమె లేచింది. 10:26కి మరొకరు. ఆమె లేచింది. సాయంత్రం ఆరు వరకు లెక్కపెడితే యాభై ఏడు సార్లు.

ఆ మనిషి హరిణి. సోమవారం జిరాక్స్ గదిలోకి ఎన్నిసార్లు వెళ్లావని ఎవరైనా అడిగి ఉంటే నాలుగైదు సార్లు అని చెప్పేది. అది కూడా కాగితాల కోసం అని చెప్పేది.

3:12 దగ్గర ఆపి మళ్లీ చూసింది. క్లాసు తలుపు మూసి ఉంది. వరండాలో ఎవరూ లేరు. తను లేచి వెళ్లి గోడ దగ్గర నిలబడింది. పదకొండు సెకన్ల తర్వాత తలుపు తెరుచుకుంది.

"ఏంది మేడం, నిన్ను నువ్వే గట్ల చూసుకుంటున్నవ్? సిన్మల వేషం ఇచ్చిన్రా?"

భూలక్ష్మి వెనక నిలబడి ఉంది. ఆమె బోరబండ నుంచి వచ్చి సెంటర్ ఊడ్చి, టీలు పెడుతుంది.

"నేనేం చేస్తున్నానో చూశావా?"

"ఇయ్యాల చూసుడేంది? రెండేండ్ల సంది చూస్తున్న. గోడతోని ఏం ముచ్చట పెడ్తదో అనుకున్న."

"మరి చెప్పలేదేం?"

"నీకు ఎరుకే అనుకున్న. పోరగాళ్లు సుత నేర్చిన్రు. చూడు జర."

భూలక్ష్మి తెరమీద వేలు పెట్టింది. క్లాసు గుమ్మంలో ఒక తల బయటికి వచ్చింది. కౌంటర్ వైపు చూసింది. హరిణి లోపలికి వెళ్లేదాకా ఆగింది. అప్పుడు మెట్ల వైపు నడిచింది. వెనక్కి తిప్పి వేరే చోట చూసినా అంతే. వాళ్లు ఆగుతున్నారు.

"మేడం లోపలికి పోయినంక దిగితే నౌకరీ వస్తదంట," అంది భూలక్ష్మి. "గా మాట ఎవడు పుట్టించిండో తెల్వది."

హరిణి కంప్యూటర్ ఆపేసింది.

"సోమవారం నువ్వు వస్తున్నావు కదా?" అంది.

"వస్తనంటిని గదా. ఇంక ఫికర్ చేయకు."

వచ్చే సోమవారం హరిణి తల్లి సీతామహాలక్ష్మికి పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో గుండె వాల్వు ఆపరేషన్. తల్లికి హరిణి ఒక్కతే కూతురు, వేరే మనుషులు లేరు. అయినా థియేటర్ తలుపు దాకా తల్లి వెంట వెళ్లేది భూలక్ష్మి. హరిణి కింద రిసెప్షన్లో ఉంటుంది. మందులు, సంతకాలు తను చూసుకోవాలని తల్లికి చెప్పింది. అసలు కారణం చెప్పలేదు. తను ఎదురొస్తే వెళ్లిన మనిషి తిరిగి రాడు. ఆ సంగతి హరిణికి ఏడేళ్ల వయసు నుంచి తెలుసు.

శనివారాలు సెంటర్లో గిడియన్ అనే ఆయన ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు క్లాసు తీసుకుంటాడు. ఆ శనివారం హరిణి వెనక బల్ల మీద కూర్చుంది. గిడియన్ అందరికీ తెల్ల కాగితం ఇచ్చి నాలుగు గళ్లు గీయమన్నాడు. నా గురించి నేను నమ్మేది. ఎవరు చెప్పారు. ఎప్పుడు. రుజువు.

"రుజువు గడిలో పోలీసుకు చూపించగలిగిందే రాయాలి," అన్నాడు. "నమ్మకం తీసి పారేయమని నేను అనట్లేదు. అది ఏ ఇంటి నుంచి వచ్చిందో కనుక్కోండి. అద్దెకున్నవాడిని ఖాళీ చేయించాలన్నా ముందు పేరు తెలియాలి కదండీ."

కొందరు నవ్వారు. హరిణి రాసింది. నేను ఎదురొస్తే చెడు జరుగుతుంది. నాయనమ్మ. 2003. నాలుగో గడిలో "నాన్న" అని రాసింది.

క్లాసు అయ్యాక గిడియన్ ఆ కాగితం చదివాడు. ఏం జరిగిందని అడిగాడు. హరిణి చెప్పింది. నిడదవోలు. ఉదయం ఏడూ నలభై. నాన్న రైసుమిల్లు గుమాస్తా. స్కూటర్ మీద తణుకు బయల్దేరాడు. తను ఖాళీ చెంబుతో గేటు దగ్గరికి వెళ్లింది. "ఖాళీ చెంబుతో ఎదురొచ్చావేంటే," అని నాన్న నవ్వాడు. ఎవరైనా అలా ఎదురొస్తే మళ్లీ ఇంట్లోకి వచ్చి, కాస్త కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్తారు. ఆయన ఆలస్యమైందని రాలేదు. ఊరు దాటాక లారీ గుద్దింది.

"ఎక్కడ నిలబడ్డారు మీరు?"

"గేటు లోపల."

"ఆయన?"

"బయట, రోడ్డు మీద. స్కూటర్ ముందు ఆకుపచ్చ సంచి పెట్టుకున్నారు. సంచిలో బిల్లుబుక్కులు. గేటు మీదుగా కనిపించాయి."

గిడియన్ కాగితం వెనక్కి ఇచ్చాడు. "ఆయన పోవడం జరిగిన సంగతే హరిణి గారూ, కానీ మీవల్ల పోయారనడానికి అది రుజువు కాదు. మీరు ఎదురు రావడం ఎవరు చూశారు?"

"అమ్మ."

"అడిగారా?"

ఇరవై ఏళ్లకు పైగా అయింది. హరిణి ఎప్పుడూ అడగలేదు.

తల్లీ కూతుళ్లు ఉండేది అమీర్‌పేట వెనక సందులో ఒక గది, వంటిల్లు, బాత్రూం. సీతామహాలక్ష్మి చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఆదివారం మధ్యాహ్నం కూడా కుడుతోంది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు కుట్టలేనని, ఒప్పుకున్న చీరలు పూర్తి చేస్తోంది.

"అమ్మా, నాన్న వెళ్లిన రోజు నేను ఎక్కడున్నాను?"

సూది ఆగింది.

"ఇప్పుడెందుకే అది?"

"గేటు ఎంత ఎత్తు ఉండేది?"

సీతామహాలక్ష్మి కూర్చున్న చోటు నుంచే చెయ్యి ఎత్తి చూపించింది. హరిణి లేచి వెళ్లి ఆ చేతి పక్కన నిలబడింది. చెయ్యి ఆమె గుండెల దాకా వచ్చింది.

"ఏడేళ్లప్పుడు నాకు గేటు మీదుగా కనిపించదు," అంది హరిణి.

"కనిపించదు."

"నాకు సంచి కనిపించింది. అందులో బిల్లుబుక్కులు కనిపించాయి. నాన్న నెత్తి మీద జుట్టు పల్చబడిన చోటు కూడా కనిపించింది."

సీతామహాలక్ష్మి చీర మడిచి పక్కన పెట్టింది. సూదిని దారపు ఉండకు గుచ్చింది.

"నువ్వు ఊళ్లోనే లేవు. మీ పెద్దమ్మ కొవ్వూరు తీసుకెళ్లింది. చెంబు నా చేతిలో ఉంది."

కింద సందులో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్లారు.

"పదో రోజున మీ నాయనమ్మ అందరి ముందూ అడిగింది, ఎవరు ఎదురొచ్చారని. ఎవరూ రాలేదంటే ఊరుకునే మనిషి కాదు. నేనని చెబితే ఆ ఇంట్లో ఉండనిచ్చేది కాదు. నువ్వని చెప్పాను. చిన్నపిల్లవి కదా, నిన్నేం అంటారులే అనుకున్నాను. ఆయనన్న మాట, సంచి, అన్నీ చెప్పాను. అలా చెబితే నమ్ముతారని. నువ్వు నా పక్కనే కూర్చుని విన్నావు."

"నేను కాదని అనలేదా?"

"అనలేదు. రాత్రి పడుకునేటప్పుడు, నేనెందుకు వెళ్లానమ్మా గేటు దగ్గరికి, అని అడిగావు."

హరిణికి ఆ గేటు ఇప్పటికీ కనిపిస్తోంది. పట్టీలు పెట్టుకున్న పాదాలు, చెంబు పట్టుకున్న చెయ్యి కనిపిస్తున్నాయి. ఈసారి ఆ చేతిని చూసింది. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. గాజులు ఎరుపు. తను ఎప్పుడూ ఎర్రగాజులు వేసుకోలేదు.

"నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు నువ్వెక్కడుంటావమ్మా?" అని అడిగింది.

"బాత్రూంలో."

"రోజూనా?"

"నువ్వూ అంతే కదే. నేను కూరలకు వెళ్తుంటే నువ్వు వంటింట్లోకి వెళ్లిపోతావు. ఎదురు రావడమంటే నీకూ అనుమానమేమోనని నేను అడగలేదు."

ఈ గదిలోకి వచ్చి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లలో ఒకరు గుమ్మం దాటుతుంటే ఇంకొకరు చూడలేదు.

ఆ సాయంత్రం తల్లిని ఆసుపత్రిలో చేర్చాక హరిణి భూలక్ష్మికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు సీతామహాలక్ష్మిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. హరిణి ముందే వెళ్లి థియేటర్ వరండాలో నిలబడింది. వెనక దుప్పట్లు పెట్టే గది ఉంది. తలుపు తెరిచి ఉంది. అది తెరిచి ఉందని చూడకుండానే తెలిసింది.

స్ట్రెచర్ చక్రాల చప్పుడు ఇంకా మలుపు అవతల ఉంది. హరిణి కుడికాలు వెనక్కి వెళ్లింది. తర్వాత ఎడమకాలు. ఈసారి అవి కదలడం ఆమెకు తెలిసింది. వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు, వాళ్ల వేళ్లన్నీ విడివిడిగా తెలుస్తున్నట్టు ఉంది. తిరిగి చూసింది. ఎవరూ లేరు. దుప్పట్లున్నాయి, గోడ ఉంది.

గోడకు ముఖం పెట్టే లోపు వరండాలోంచి తల్లి గొంతు వినిపించింది.

"హరిణీ, ఎక్కడున్నావే?"

హరిణి బయటికి వచ్చి వరండా మధ్యలో నిలబడింది.

"పక్కకు జరగండమ్మా," అన్నాడు స్ట్రెచర్ తోసే మనిషి.

"జరుగుతాను. అమ్మను నన్ను ఒకసారి చూడనివ్వండి."

సీతామహాలక్ష్మి తల ఎత్తింది. మత్తు మందుకు కళ్లు మూతపడుతున్నాయి. హరిణి ముఖంలోకి చూసింది, తర్వాత చేతుల్లోకి చూసింది.

"చెంబు ఏదే?" అంది.

"లేదమ్మా. చెంబు లేదు."

"సరే, వెళ్లొస్తా," అని తల దించింది.

మధ్యాహ్నం రెండున్నరకు సర్జన్ బయటికి వచ్చి వాల్వు మార్చామని, రెండు రోజులు చూడాలని చెప్పాడు. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. పన్నెండో రోజు హరిణి ఆఫీసుకు బయల్దేరింది. సీతామహాలక్ష్మి మంచం మీద నుంచి లేవలేదు కానీ గుమ్మం వైపే చూస్తూ పడుకుంది.

ఉదయం 10:40కి హరిణి కౌంటర్లో ఉంది. క్లాసు గుమ్మంలోంచి ఒక తల బయటికి వచ్చింది. షెర్లిన్. సనత్‌నగర్ నుంచి వస్తుంది. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం, శకునాలు చూడరు. ఆమె వెనక ఇంకో నలుగురు ఆగారు. ఒక నిమిషం గడిచింది.

"మేడం," అంది షెర్లిన్. "పన్నెండింటికి నాకు ఇంటర్వ్యూ."

"వెళ్లు మరి."

"మీరు ఒక్కసారి లోపలికి వెళ్తారా?"

"ఎందుకు?"

షెర్లిన్ తల తిప్పి వెనకున్న నలుగురి వైపు చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు మేడం. అందరికీ తెలుసు."

హరిణి లేచింది. గుమ్మంలో ఉన్నవాళ్లు ఊపిరి వదిలారు. ఆమె జిరాక్స్ గదిలోకి వెళ్లలేదు. కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి, మెట్ల ముందు, వాళ్లకు ఎదురుగా నిలబడింది.

"రా," అంది.

షెర్లిన్ ఆమె ముఖంలోకే చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది. వేసినట్టు ఆ పిల్లకు తెలియలేదు.

హరిణి అక్కడే నిలబడింది.