కింద నిలబడ్డ రెండోవాడు

కేంబ్రిడ్జిలో సెయింట్ ఓస్విన్ కాలేజీ ఉత్తరపు గోడ దగ్గరికి రాగానే గైడు డెస్మండ్ పిలింగ్ గొడుగు దించి గొంతు తగ్గిస్తాడు. అక్టోబరు తొమ్మిది, బుధవారం నాడు కూడా అలాగే చేశాడు. వెంట పద్దెనిమిది మంది ఉన్నారు.

"పైన కప్పు అంచున ఆ చివరి రాతి శిఖరం చూడండి. ఇరవై ఆరేళ్ళ కిందట మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు దాని కొసకి రోడ్డు మీది ప్లాస్టిక్ కోను తగిలిద్దామని రాత్రిపూట ఎక్కాడు. ఈ ఊళ్ళో అదో సరదా లెండి. స్నేహితుడొకడు ఇదిగో, మీరున్న చోటే కాపలా నిలబడ్డాడు. పైవాడికి కాలు జారింది. కిందవాడు పారిపోయాడు. వాడెవడో ఇవాళ్టికీ తెలీదు."

జనం ఫోన్లు పైకెత్తారు. ఒకాయన తను నిలబడ్డ చోటు నుంచి పక్కకి జరిగాడు. గోధుమరంగు వానకోటు వేసుకున్న ముసలావిడ మాత్రం పైకి చూడలేదు. నేలను చూసింది.

పన్నెండున్నరకి వంతెన దగ్గర టూరు ముగిసింది. అందరూ వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళలేదు.

"ఆ రెండోవాడి పేరేంటి నాయనా?"

"తెలీదండి. అదే కదా కథలో గమ్మత్తు."

"నేను మోరీన్ ఆస్క్యూని. గ్రిమ్స్‌బీ నుంచి వచ్చాను. పడ్డది మా కాలిన్."

డెస్మండ్‌కి అరవై ఒకటి. భూగోళం టీచరుగా పనిచేసి, పంతొమ్మిదేళ్ళుగా ఊరు చూపిస్తున్నాడు. ఆ కథలో చనిపోయినవాడికి ఒక తల్లి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడని బెంచీ దాకా నడిపించి, తడి తుడిచి కూర్చోబెట్టాడు.

ఆగస్టులో పక్కింటి బ్రెండా బస్సు యాత్రలో ఇక్కడికి వచ్చిందని, గైడు చెప్పిన కథ ఇంటికొచ్చి చెప్పిందని మోరీన్ అంది. అప్పటిదాకా ఆవిడ దగ్గరున్నది మరణ విచారణ కాగితం ఒక్కటే. కాలిన్ ఒంటరిగా ఉన్నాడని, పొద్దున ఆరింటికి తోటమాలి చూశాడని, పడ్డాక బహుశా గంట దాకా ప్రాణం ఉందని అందులో ఉంది.

"పారిపోయినందుకు నేనేం అనను. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు, భయపడి ఉంటాడు. ఆ గంటలో మావాడు ఏమన్నా అన్నాడా అని ఒక్క మాట అడగాలి, అంతే."

డెస్మండ్ కథలో రెండోవాడు పుట్టింది 2007 వేసవిలో. 'కుర్రాడు పడి చనిపోయాడు' అంటే యాత్రికులు తలూపి ముందుకు నడిచేవాళ్ళు. ఒక వాన రోజున డెస్మండ్ స్నేహితుణ్ణి చేర్చాడు. అందరూ ఆగిపోయారు, ప్రశ్నలడిగారు. మరుసటి వేసవికి మిగతా గైడ్లు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఒకరి కథలు ఒకరు గోడ పక్కన విని తీసుకోవడం ఆ పనిలో మామూలే.

"వినండి ఆస్క్యూ గారూ. రెండోవాడు లేడు. నేనే కల్పించాను."

ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుంది.

"అలా చెప్పమని కాలేజీవాళ్ళు అన్నారా?"

"ఎవరూ అనలేదు. జనం వింటారని నేనే పెట్టాను."

"నిన్న పచ్చగొడుగు పట్టుకున్న గైడు పిల్ల వెంట కూడా తిరిగాను. తనూ ఇదే చెప్పింది. పొడుగ్గా ఉంటాడంది, కాలేజీ మఫ్లరు కట్టుకున్నాడంది. మీరు మఫ్లరు ఊసే ఎత్తలేదు. మీ దగ్గర విన్నదైతే ఆ మఫ్లరు ఎక్కణ్ణించి వచ్చింది?"

"తను ఇంకొంచెం కలిపింది."

"చావు మీద ఇంకొంచెం కలుపుతారా ఎవరైనా?"

ఆవిడ లేచి కాలేజీ గేటు వైపు నడిచింది. డెస్మండ్ వెనకాలే వెళ్ళాడు. గేటు కాపలాదారు రే టల్లీ అతన్ని చూసి నవ్వాడు. "ఏం డెస్, ఇవాళ మందలో ఒకటే మిగిలిందా? తక్కినవన్నీ నీ కథలకి పారిపోయాయా?"

మోరీన్ తానెవరో చెప్పింది. రే టోపీ తీశాడు.

"రెండోవాడు ఉన్నాడా నాయనా?"

"ఉన్నాడమ్మా. ఈ గేటు దగ్గర అందరికీ తెలిసిందే."

"రే, అది నేను కట్టిన కథ," అన్నాడు డెస్మండ్.

"ఊరుకోవయ్యా, నువ్వు కట్టేదేంటి? నేనిక్కడ చేరి తొమ్మిదేళ్ళు. రోజుకి నాలుగుసార్లు, నలుగురు గైడ్ల నోట వింటున్నా."

మోరీన్ సంచిలోంచి ఒక ఫొటో తీసింది. కాలిన్ కాలేజీలో చేరిన ఏడాది కొత్త విద్యార్థులందరినీ నిలబెట్టి తీసినది. కింద వరుసవారీగా పేర్లు అచ్చువేసి ఉన్నాయి.

"పొడుగ్గా ఉంటాడట. కాస్త చూసి పెట్టు, నాకు చూపు ఆనదు."

"వద్దు రే," అన్నాడు డెస్మండ్.

రే కళ్ళజోడు పెట్టుకున్నాడు. సాయం చేద్దామనే చూశాడు. వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగో మనిషి మీద వేలు పెట్టాడు. "పొడుగంటే ఇతనేనమ్మా. మెళ్ళో మఫ్లరు కూడా ఉంది." వేలు కిందికి జరిపి పేరు చదివాడు. "జూలియన్ ఫార్."

ఆ వరుసలో మఫ్లర్లు కట్టుకున్నవాళ్ళు ఇంకా ఏడుగురున్నారు. డెస్మండ్ ఆ మాట చెప్పాడు. మోరీన్ అప్పటికే పేరు రాసుకుంటోంది.

"అసలు నాతో నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే నాయనా," అని రే చెయ్యి పట్టుకుంది.

డెస్మండ్ ఆ నెలలో ఆవిడకి మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. తన టూరులోంచి రెండోవాణ్ణి తీసేశాడు. తక్కిన గైడ్లకి కూడా చెప్పాడు, ఇద్దరు సరేనన్నారు. డిసెంబరులో మోరీన్ పక్కింటి బ్రెండా నంబరు సంపాదించి ఫోను చేస్తే సంగతి తెలిసింది.

జూలియన్ ఫార్ లీడ్స్‌లో పళ్ళ డాక్టరు. మోరీన్ నవంబరు చివర్లో రైలెక్కి అతని ఆసుపత్రికి వెళ్ళింది. కాలిన్ పేరు తనకి గుర్తుందని, చనిపోయిన సంగతి మర్నాడు విన్నానని, ఆ రాత్రి తను అక్కడ లేనని అతను చెప్పాడు. టీ ఇచ్చి, స్టేషను దాకా కారులో దింపాడు.

"మరి నమ్మిందా?" అని అడిగాడు డెస్మండ్.

"'లేననే అంటాడు కదా' అంది," అని చెప్పింది బ్రెండా. "వచ్చే నెల మళ్ళీ వెళ్తుంది."